నూనె గిన్నెలో చీమ

మా వదిన నూనె గిన్నెలో ప్రతి శనివారం చీమ పడేది.

మొదటి శనివారం నేను పట్టించుకోలేదు. రెండో శనివారమూ పట్టించుకోలేదు. మూడో శనివారం మాత్రం టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. చక్కెర డబ్బాకి పట్టని చీమ, బెల్లం కుండకి పట్టని చీమ, వాసనకే కళ్ళు మండే ఆవనూనెలోకి వారానికొకటి ఎందుకొచ్చి పడుతుంది? అదీ శనివారమే. అదీ పొద్దున్న ఏడింటికి, మా అన్నయ్య లారీ ఎక్కడానికి బూట్లు వేసుకుంటున్నప్పుడే.

"ఏమండీ, ఒక్కసారి ఇటు చూడండి. నూనెలో చీమ పడినట్టుంది. నా కళ్ళకి ఆనట్లేదు," అంది వదిన.

కళ్ళకి ఆనకపోవడమేంటి? మేడ మీద బట్టలారేస్తూ, వీధి చివర ఎవరి కోడలు కొత్త గాజులేసుకుందో రంగుతో సహా చెప్పే మనిషి మా గేందీ వదిన.

అన్నయ్య కుంటుకుంటూ వచ్చి గిన్నె మీదికి వంగాడు. "ఎక్కడే? లేదు."

"సరిగ్గా చూడండి. ముఖం దగ్గరికి పెట్టి."

"లేదే తల్లీ. ఉంటే గింటే ఈదుకుంటూ ఒడ్డెక్కేసుంటుంది," అని నవ్వి, టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. సందు మలుపులో లారీ హారను రెండుసార్లు మోగింది. అది ఆయన అలవాటు. ఎప్పుడు బయల్దేరినా ఆ మలుపులో రెండుసార్లు కొట్టాల్సిందే.

హారను వినపడగానే వదిన గిన్నె మీద నల్లగుడ్డ కప్పి పెరటి తలుపు తీసుకుని బయటికెళ్ళింది. వచ్చేటప్పుడు గిన్నె ఖాళీ.

అప్పుడు గమనించాను. అది ఇనప గిన్నె. మా ఇంట్లో నూనె ఎప్పుడూ స్టీలు గిన్నెలోనే పోస్తారు.

మీకు ముందు సంగతి చెప్పాలి, లేకపోతే ఇంత చిన్నదానికి ఈయన ఎందుకింత కంగారు పడుతున్నాడనుకుంటారు.

మాది మక్రానా. పాలరాయి ఊరు. నేను రాళ్ళ కోత మిషను దగ్గర పనిచేస్తాను, మా అన్నయ్య భీంరాజ్ రాయి లారీ నడుపుతాడు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. ఆరేళ్ళ కిందట అజ్మీరు దారిలో అన్నయ్య లారీ బోల్తా పడింది. ప్రాణం మీదికి రాలేదు గానీ ఎడమ కాలు విరిగి, అతుక్కున్నాక కూడా పొట్టిగా మిగిలింది. జోషీజీ జాతకం చూసి, ధనుస్సు రాశి, ఏలినాటి శని నడుస్తోంది అన్నాడు. ఇనుము ఆయనది, చక్రం కింద నలిగే రోడ్డూ ఆయనదే, శని దాటేదాకా స్టీరింగు ముట్టుకోవద్దు అన్నాడు. అన్నయ్య ముట్టుకోలేదు. ఖాకీ చొక్కా తొడుక్కుని లారీ కాటా దగ్గర కాపలా ఉద్యోగానికి కుదిరాడు. వేరేవాళ్ళ లారీలు ఎక్కుతుంటే, దిగుతుంటే, అక్కడ స్టూలు మీద కూర్చుని చూసేవాడు. ఇంటికొచ్చి కూడా అలాగే కూర్చునేవాడు. ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగితే, "ఆయన వెళ్ళనీ, చూద్దాం" అనేవాడు. ఆయనంటే శని.

రెండువేల ఇరవైరెండు ఏప్రిల్ చివర శని మకరం దాటి కుంభంలోకి వెళ్ళాడు. జోషీజీ స్వయంగా మా ఇంటికొచ్చి చెప్పాడు. అన్నయ్య శని కోసం పెట్టుకున్న గుర్రపునాడా ఉంగరం తీసి శని గుడిలో నూనెలో వేశాడు. చొక్కా, చెప్పులు అక్కడే వదిలేసి, వెనక్కి చూడకుండా వట్టికాళ్ళతో ఇంటికొచ్చాడు. సెనగపిండి లడ్డూలు పంచాం. వారం తిరక్కుండా మళ్ళీ లారీ ఎక్కాడు. మలుపులో హారను మోగినప్పుడు వీధిలో ముసలాళ్ళు కూడా తలుపులు తీసి చూశారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. జూలైలో నా ఫోను చెడగొట్టింది.

నేను ఎనిమిదో తరగతితో ఆపేసినవాణ్ణే గానీ, ఫోను చేతికొచ్చాక చదవని రోజు లేదు. మా కులపోళ్ళ గ్రూపులో ఒకాయన పెట్టాడు. శని వక్రించాడు, జూలై పన్నెండున మళ్ళీ మకరంలోకి వెనక్కొచ్చాడు, వచ్చే జనవరి పదిహేడుదాకా అక్కడే ఉంటాడు, ధనుస్సు వాళ్ళకి ఏలినాటి శని తిరిగి పట్టుకున్నట్టే అని. చెప్పులేసుకుని జోషీజీ అరుగు దగ్గరికి పరిగెత్తాను.

"జోషీజీ, శని తిరిగొచ్చాడంట కదా?"

"తిరిగి రాలేదు చున్నీలాల్. వెనక్కి నడుస్తున్నాడు."

"ఎవరి వైపు నడుస్తున్నాడు?"

ఆయన పంచాంగం మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. "ధనుస్సు వాళ్ళ వైపే."

"మరి ఏప్రిల్లో మా ఇంట్లో లడ్డూ తింటున్నప్పుడు చెప్పలేదేం?"

"నోట్లో లడ్డూ ఉంది కదయ్యా."

నాకు మండిపోయింది. ఆయనకి అర్థమై గొంతు తగ్గించాడు. "నిజం చెప్పనా? మీ అన్న ఆరేళ్ళ తర్వాత మొదటిసారి నా ముందు నవ్వాడు. మధ్యలో ఆర్నెల్లు వెనక్కొస్తాడు నాయనా అని నేను చెప్పుంటే, ఆ కాటా స్టూలు మీదికే వెళ్ళి కూర్చునేవాడు. జనవరి పదిహేడు వచ్చేసరికి ఇంకో సాకు దొరికేది. అలా కూర్చుండిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. నేను అబద్ధం ఆడలేదు. అడగనిదానికి జవాబు చెప్పలేదు, అంతే."

"ఆయన వచ్చి అడిగితే?"

"అడిగితే చెప్తాను. నా వృత్తి అది. అడక్కుండా నువ్వు చూసుకో."

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. చెప్తే అన్నయ్య లారీ దిగిపోతాడు. ఈసారి దిగితే యాభై ఏడేళ్ళ మనిషి మళ్ళీ ఎక్కడు. చెప్పకపోతే, రేపు రోడ్డు మీద ఏదైనా జరిగితే అది నా నెత్తిన. ఏంచేయను? గోడ మీద పంచాంగం క్యాలెండరు జూలై కాగితం మీద టీ ఒలికిందని చింపేశాను. ఆగస్టుది పిల్లి చింపిందని చెప్పాను.

"మనింట్లో పిల్లి ఎక్కడుందిరా?" అన్నాడు అన్నయ్య.

"పక్కింటిది భాయీసా."

"పక్కింటాళ్ళకి కుక్క ఉంది కదా."

నేను టీవీ పెట్టేశాను. మంగలి షాపులో పొద్దున్నే రాశిఫలాలు పెడతారని అన్నయ్యని ఆ షాపు మాన్పించి ఇంట్లోనే గడ్డం గీసుకునేలా చేశాను. కాకి గోడ మీద వాలినా, ఎక్కడైనా ఇనపమేకు దొరికినా, అన్నయ్య ఓ రోజు ఎక్కువగా కుంటినా, శనే వచ్చాడనుకునేవాణ్ణి. శని కూడా కుంటివాడే కదా.

అలాంటి రోజుల్లో వదిన గిన్నెలో చీమ పడటం మొదలైంది. ఇప్పుడర్థమైందా నా కంగారు?

నాకు వదిన మీద అనుమానం రావడానికి ఇంకో కారణం ఉంది. ఏప్రిల్లో ఇంటిల్లిపాదీ లడ్డూలు తింటుంటే ఆవిడ తినలేదు. "ఇంట్లో ఉంటే కళ్ళముందుండేవారు" అని పొయ్యితో చెప్పినట్టు గొణిగింది. నేను విన్నాను. ఇప్పుడు ఈ ఇనప గిన్నె, నల్లగుడ్డ, పెరటి తలుపు. మొగుణ్ణి గుమ్మం దాటకుండా కట్టిపడేయడానికి ఆడవాళ్ళు ఏవేవో చేయిస్తారని ఫోన్లో బోలెడు చదివాను. వదిన అలాంటిది కాదు. కానీ అలాంటిది కాదనుకున్నవాళ్ళ గురించే అందరూ రాస్తారు.

మా ఆవిడ విమ్లాని అడిగాను. "శనివారాలు భాభీసా వంటింట్లో ఏం చేస్తోందో నువ్వేమైనా చూశావా?"

"చూశాను. మీరు వంటింట్లోకి తొంగి చూడటం చూశాను. వీధిలో చెప్పుకుంటే ఎంత బాగుంటుందో."

"తమాషా కాదు విమ్లా. అన్నయ్యకేదో పెడుతోందేమో."

"పెడుతోంది. సజ్జ రొట్టె పెడుతోంది, నెయ్యేసి. నాకు పెట్టే మగాడెవరైనా ఉన్నాడా?"

ఈవిడతో లాభం లేదని వదిలేశాను.

నాలుగో శనివారం పెందరాళే లేచి కాచుక్కూర్చున్నాను. మామూలుగానే చీమ పడింది. మామూలుగానే అన్నయ్య వంగి చూశాడు, లేదన్నాడు, వెళ్ళాడు. హారను రెండుసార్లు మోగింది. వదిన గిన్నె అరుగు మీద పెట్టి నల్లగుడ్డ కోసం లోపలికెళ్ళింది. నేను గబగబా వెళ్ళి గిన్నె ఎత్తి ముఖం దగ్గరగా పెట్టుకుని చూశాను. పొడి ఏదైనా కలిపిందా? వెంట్రుక వేసిందా? వాసన చూశాను. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాను. చీమా లేదు, దోమా లేదు. నల్లటి నూనెలో నా ముఖమే, పండిన మీసంతో, దొంగలాగా కనపడింది. ఆవిడ అడుగుల చప్పుడు విని పెట్టేసి జారుకున్నాను.

ఆ మధ్యాహ్నం అన్నయ్య ఫోను చేశాడు. బ్యావర్ దాటాక ముందు టైరు పేలిందట. లారీ పక్కకి ఒరిగి డివైడరు రాసుకుంటూ పోయి ఆగిందట. "ఏం కాలేదురా. స్టెప్నీ వేసేశాను. మీ భాభీకి చెప్పకు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. రెండు వారాలుగా నన్ను చంపుతున్న పన్నునొప్పి ఆ సాయంత్రానికి మాయమైంది. అది కూడా పట్టించుకునే స్థితిలో లేను. చీమ వంక పెట్టుకుని ఆవిడేదో చేసింది, టైరు పేలింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఐదో శనివారం నేను చెప్పులు చేత్తో పట్టుకుని వదిన వెనకాలే నడిచాను. ఆవిడ కొంగు ముఖం మీదికి లాక్కుని, గిన్నె రెండు చేతులతో పట్టుకుని, రెండు సందులు దాటి, మూతపడ్డ పిండిమిల్లు దగ్గర ఆగింది. అక్కడ సైకిలు పక్కన నౌరతన్ డాకోత్ కూర్చునున్నాడు. శనిదానం పట్టేది వాళ్ళ కులమే, తరతరాలుగా. ముందు నూనె బకెట్టు, అందులో ఇనప రేకుతో చేసిన శనిదేవుడి బొమ్మ నడుం లోతు మునిగి నిలబడుంది. వదిన గిన్నెలో నూనె బకెట్టులోకి వంచి, గిన్నె బోర్లించి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. నేను గోడ పక్కన నక్కాను. ఆవిడ మలుపు తిరిగాక వెళ్ళి నౌరతన్ ముందు నిలబడ్డాను.

"ఏరా, మా వదిన ఏమిచ్చింది నీకు?"

"నూనె కాకా."

"దేనికి?"

"దేనికేంటి, పకోడీలు వేయించుకోడానికా? నా దగ్గరికి నూనె ఎందుకు తెస్తారో మక్రానాలో పుట్టి నీకు తెలీదా?"

"ఎవరి పేరు మీద?"

"ఆ మాట నేనడక్కూడదు. నువ్వూ అడక్కూడదు. ముఖం చూసుకున్నవాళ్ళు చూసుకుంటారు, తెచ్చేవాళ్ళు తెస్తారు, నేను పట్టుకుంటాను. ఇచ్చినవాళ్ళు వెనక్కి చూడకుండా పోతారు. నువ్వొక్కడివే వచ్చి పోలీసులాగా నించున్నావ్." బకెట్టు పక్కకి జరిపి, "జూలై నుంచి నాకు బకెట్టు సరిపోవట్లేదు కాకా. పోయాడనుకున్నవాడు తిరిగొచ్చాడుగా. ధనుస్సు వాళ్ళు మళ్ళీ మొదలెట్టారు," అన్నాడు.

అప్పుడు వెలిగింది. ఛాయాదానం. నూనెలో ఎవరి నీడ పడితే వాళ్ళ మీదున్న శని ఆ నూనెతో పోతుంది. ఎవరి ముఖం వాళ్ళే చూసుకోవాలి, ఇంకొకరి బదులు ఇంకొకరు చూస్తే చెల్లదు. అన్నయ్యకి చెప్పకుండా అన్నయ్య ముఖం నూనెలో పడాలంటే ఆవిడకి చీమ కావాల్సొచ్చింది.

తిన్నగా వంటింటికెళ్ళాను. వదిన పిండి కలుపుతోంది.

"భాభీసా, మీకు తెలుసా? శని వెనక్కొచ్చినట్టు?"

ఆవిడ చేతులాగిపోయాయి. "మీకెలా తెలుసు?"

"ఫోన్లో చదివాను. మీకు?"

"నౌరతన్ చెప్పాడు. పప్పులోకి పోపు వేస్తున్నాను, బయట్నుంచి అరిచి చెప్పాడు. పోపు మాడిపోయింది." తలుపు వైపు చూసింది. "ఆయనకి చెప్పారా?"

"లేదు. మీరు?"

"నాకేమన్నా పిచ్చా? అందుకే క్యాలెండరు కాగితాలు చింపారా మీరు? ఇన్నాళ్ళూ బీడీలకి చింపుతున్నారేమో అనుకున్నాను."

"నేను మిమ్మల్నింకా ఘోరంగా అనుకున్నాను భాభీసా," అని, ఆ గిన్నె ఎత్తి చూసిన సంగతి చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"గిన్నెలోకి తొంగి చూశారా? నీడ పడేలా?"

"ముఖం దగ్గరికి పెట్టి చూశాను."

"ఏ శనివారం?"

"పోయిన శనివారం."

"టైరు పేలిన శనివారమేనా?"

"ఆ సంగతి మీకెలా తెలుసు?"

"ఒళ్ళంతా గ్రీజుతో వస్తే తెలీదా? అయ్యో దేవుడా! ఆఖర్న ఎవరి ముఖం పడితే ఆ నూనె వాళ్ళది! మీ రాశేంటి?"

"మిథునం."

"మీకు అష్టమ శని నడుస్తోంది కదా! అంటే ఆ వారం నేను ఎండలో రెండు సందులు నడిచెళ్ళి మీ శనిని దింపొచ్చానన్నమాట!"

"అవును భాభీసా. ఆ రోజే పన్నునొప్పి తగ్గింది," అన్నాను.

ఆవిడ అప్పడాల కర్ర అందుకుంది. నేను రెండడుగులు వెనక్కేశాను. కాసేపటికి కర్ర పెట్టేసి పిండి ముందు కూలబడింది.

"ఇంట్లో ఉంటే కళ్ళముందుండేవారు అన్నాను నేను. నిజమే. లారీ అంటే నాకిప్పటికీ భయమే. కానీ ఆ ఆరేళ్ళూ నా కళ్ళముందు ఎవరున్నారు దేవర్‌జీ? కూర బాగుందా అంటే ఊఁ, బాలేదా అంటే ఊఁ. ఇప్పుడు చూడండి, ఉప్పెక్కువైందని నిన్న నాతో గొడవపడ్డారు. గొడవపడి ఎన్నాళ్ళైంది! ఆ మనిషి మళ్ళీ స్టూలెక్కితే నేను చూడలేను. జనవరి పదిహేడుదాకా చీమలు పట్టుకొస్తాను. పాములు కావాలంటే పాములు పట్టుకొస్తాను."

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకటయ్యాం. కానీ చీమ పాతబడిపోయింది. "ఈ ఇంటి చీమలకి శనివారం తలంటా?" అన్నాడు అన్నయ్య ఓసారి. తర్వాతి వారం వదిన ముక్కుపుడక నూనెలో పడింది. ఆ తర్వాతి వారం నూనె కల్తీదేమో రంగు చూడమన్నాను నేను. ఓ వారం ఇద్దరం ఒకేసారి రెండు వేర్వేరు కారణాలు చెప్పాం. అన్నయ్య మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఆ తర్వాతే నూనెలోకి చూశాడు. ఆయనకేమైనా తెలిసిందా అని నాకు అనుమానం. మాకు తెలుసని ఆయనకి అనుమానమొచ్చిందా అని వదినకి అనుమానం. అన్నం సయించేది కాదు.

దీపావళి వెళ్ళింది. ఆ శుక్రవారం సాయంత్రం నేను పని నుంచి వస్తుంటే, జోషీజీ అరుగు మీద అన్నయ్య కూర్చునున్నాడు. ఇద్దరి మధ్యా పంచాంగం తెరిచుంది. అన్నయ్య వేలు దాని మీద ఉంది. నేను రోడ్డవతలే నిలబడిపోయాను. అన్నయ్య ఏదో అడిగాడు. జోషీజీ తలూపాడు. ఇంకేదో అడిగాడు. జోషీజీ వేళ్ళు లెక్కపెట్టాడు. అన్నయ్య లేచి, కుంటుకుంటూ, నన్ను చూడకుండానే ఇంటి వైపు వెళ్ళిపోయాడు.

జోషీజీ దగ్గరికి ఒక్క దూకు దూకాను. "చెప్పేశారా?"

"అడిగాడు," అన్నాడాయన. "అడిగితే చెప్తానని నీకు ముందే చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఇంకా ఎన్ని శనివారాలు అన్నాడు. రేపటితో కలిపి పన్నెండు అన్నాను."

ఇంటికెళ్ళేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. అన్నయ్య లోపల ట్రంకుపెట్టె తెరిచాడట. అడుగున మడిచి పెట్టిన కాటా ఖాకీ చొక్కా బయటికి తీసి, భుజాన వేసుకుని, మాట్లాడకుండా లారీ నిలబెట్టిన మైదానం వైపు వెళ్ళాడట. "తెలిసిపోయింది కదూ?" అంది. నేను తలూపాను. ఆవిడ ఏడవలేదు. స్టూలు మీద వేసే దిండు ఏ మూల పడేశానో వెతకాలి కాబోలు, అంది.

అన్నయ్య రాత్రి భోజనానికొచ్చి, తిని, పడుకున్నాడు. ఉప్పు తక్కువైంది, అదీ అనలేదు.

మర్నాడు శనివారం. గుజరాత్ రేవుదాకా పోవాల్సిన లోడు. ఏడు కాకముందే అన్నయ్య లేచి తయారయ్యాడు. వదిన గిన్నె తియ్యలేదు. తెలిసిపోయిన మనిషికి ఇంకే చీమని చూపిస్తుంది? అన్నయ్య బూట్లేసుకున్నాడు. డబ్బా తీసుకున్నాడు. బయటికెళ్ళాడు. మేము ముగ్గురం, విమ్లా కూడా ముసుగు లాక్కుని, పెరటి గోడ మీంచి మైదానం వైపు చూస్తూ నిలబడ్డాం. తాళాలు యజమానికిచ్చేసి వస్తాడు, అంతే, అనుకున్నాను.

లారీ స్టార్టయింది. వదిన నా చెయ్యి పట్టుకుంది. లారీ నాలుగు గజాలు కదిలి ఆగింది. ఇంజను ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. అన్నయ్య దిగాడు.

"దిగారు," అంది వదిన. ఆ ఒక్క మాటే.

కుంటుకుంటూ ఇంటి వైపే వచ్చాడు. భుజం మీద ఖాకీ చొక్కా ఉంది. దగ్గరికొచ్చాక చూస్తే అది చొక్కాలా లేదు. రెండు చేతులూ ఊడదీసి, అద్దం తుడిచి తుడిచి నల్లబడ్డ గుడ్డ. దాంతోనే చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మం బయట నిలబడ్డాడు. బూట్లున్నాయని లోపలికి రాలేదు.

"ఏమే, ఈ వారం చీమ పడలేదా?"

వదిన నా వైపు చూసింది, నేను విమ్లా వైపు చూశాను.

"మిమ్మల్నే. బండెడు లోడు పెట్టుకుని నిలబెట్టాను లారీని. గిన్నె ఏదీ?"

వదిన ఒక్క పరుగున లోపలికెళ్ళింది. నూనె సగం గిన్నెలో, సగం నేల మీద పోసింది. అన్నయ్య గిన్నె అందుకుని ముఖం దగ్గరగా పెట్టుకున్నాడు. మంగలి అద్దంలో చూసుకున్నట్టు ఒకసారి కుడివైపు తిరిగి, ఒకసారి ఎడమవైపు తిరిగి, తీరిగ్గా చూసుకున్నాడు.

"భాయీసా," అన్నాను, "భయం లేదా?"

"ఉందిరా. రాత్రంతా ఉంది." గిన్నెలోంచి ముఖం తీయకుండానే చెప్పాడు. "కానీ జోషీజీ లెక్క ప్రకారం జూలై నుంచి ఆయన నా పక్క సీట్లోనే కూర్చుని తిరుగుతున్నాడు. అజ్మీరుకొచ్చాడు, పాలీకొచ్చాడు. ఒక్క టైరు తిన్నాడు. ఇంకా పన్నెండు శనివారాలే కదా, రానీ. దిగమంటే దిగేవాడా ఏంటి?" గిన్నె వదినకిచ్చాడు. "చీమ లేదు. బాగా చూశాను. నువ్వు మాత్రం కళ్ళ డాక్టరుకి చూపించుకో."

"పొండి, ఆలస్యమవుతోంది," అంది వదిన. గొంతు బాగా కోపంగా పెట్టింది.

ఆయన వెళ్ళిపోయాక గిన్నె మీద నల్లగుడ్డ కప్పి నా చేతిలో పెట్టింది. "మీరు పట్టుకెళ్ళండి. గుడ్డ జారినా సరే, ముఖం పైకి పెట్టుకుని నడవండి. ఈ పన్నెండు వారాల్లో మీ ఏ పన్నుకి నొప్పొచ్చినా నాకు సంబంధం లేదు."

గడ్డం ఆకాశానికెత్తి రెండు సందులూ నడిచాను. ఒక మురుక్కాలవలో కాలు పడింది, ఒక మేకని గుద్దుకున్నాను. అయినా కిందికి చూడలేదు. పిండిమిల్లు దగ్గర నౌరతన్ గొంతు వినపడింది.

"ఏం కాకా, మెడ పట్టేసిందా?"

"నోర్మూసుకుని బకెట్టు ఇటు జరుపు," అన్నాను.

నూనె పడుతున్న చప్పుడులోనే మా సందు మలుపులో హారను మోగింది, రెండుసార్లు.